నేను చూడని మూడు ఉత్తమ చిత్రాలు

ఇప్పుడు ఏడాది చివర ఎవరైనా "ఈ సంవత్సరం మీకు నచ్చిన పుస్తకాలు, సినిమాలు ఏవండీ?" అని అడిగితే, కళ్ళజోడు సవరించుకుని, ఎంతో ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగి జవాబు చెబుతుంటాను. డెబ్భైల చివర్లో, అమలాపురం కాలేజీలో బి.ఏ. రెండో ఏడు చదివే రోజుల్లో, నాకు ఇంత ఆలోచన ఉండేది కాదు. అభిప్రాయాలు మాత్రం బోలెడు ఉండేవి. పుస్తకాల సంగతి సరే, లైబ్రరీలో అట్ట ఊడినవీ, మొదటి పదహారు పేజీలు లేనివీ ఏవి దొరికితే అవి నిజంగానే చదివేదాన్ని. సినిమాల మీద నా అభిప్రాయాలు ఇంకా గట్టివి. చిన్న లోటల్లా ఏమిటంటే, అప్పటికి నేను ఒక్క సినిమా కూడా చూడలేదు.

మా నాన్నగారు ఊళ్ళో హెడ్మాస్టరు, పైగా చర్చిలో సంఘపెద్ద. నన్ను రోజూ బస్సులో అమలాపురం పంపడానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. సినిమా హాల్లో అడుగు పెట్టకూడదు. పెట్టినట్టు తెలిసిన మర్నాడే కాలేజీ మానిపించి, ఇంట్లో కూర్చోబెట్టి పరీక్షకు ప్రైవేటుగా కట్టిస్తానన్నారు. నేను నిక్కచ్చిగా ఆ షరతుకు కట్టుబడి ఉన్నాను. (బస్సు ఆ హాలు ముందు నుంచే వెళ్ళేది. అక్కడికి రాగానే బుద్ధిగా రెండో వైపు తల తిప్పుకునేదాన్ని. ఆ వైపు గోడ మీదా పోస్టరే ఉండేది, అది నా తప్పు కాదు.)

మరి సినిమాలు నాకెలా తెలుసంటే, మా మేనత్త ద్వారా. నాన్నగారి అక్కయ్య, పెళ్ళి చేసుకోలేదు, రాజోలులో నర్సు. ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. భోజనాలయ్యాక నాన్నగారు వీధి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చునేవారు, అమ్మ కాసేపు నడుం వాల్చేది. అత్తయ్యా నేనూ లోపల, ఆ అరుగు వైపు కిటికీ దగ్గర చేరి, చీపుళ్ళ కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తూ ఉంటే, ఆవిడ ఓ సినిమా మొత్తం చెప్పేది. "నేను చూసేననుకునేవు! వార్డులో పేషెంట్లు చెప్పుకుంటుంటే చెవిన పడిందంతే," అని ముందుగా అనేది. ఆ పేషెంట్ల జ్ఞాపకశక్తి అమోఘం. ఏ పాటలో హీరోయిన్ చీరకు ఏ రంగు అంచుందో కూడా వాళ్ళకు గుర్తుండేది.

అత్తయ్య చెప్పిన సినిమాల్లో ఎవరూ చనిపోయేవారు కాదు. క్షయ వచ్చినా, కొండ మీంచి పడినా, విలన్ పొట్టలో తూటా దిగినా సరే. "బి.పి. ఎంతుందనుకున్నావు? అరవై! అందరూ ఆశ వదిలేసుకున్నారు. అప్పుడు డాక్టరుగారు పరిగెత్తుకొచ్చేరు. నాడి చూసేరు. 'సిస్టర్, గ్లూకోజు!' అన్నారు. పది నిమిషాల్లో పిల్ల కళ్ళు తెరిచేసింది. మర్నాడు రెండిడ్లీలు తిందే!" అని చెబుతుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. తెలుగు సినిమాలన్నీ ఆసుపత్రిలోనే మలుపు తిరుగుతాయని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని.

ఆ డిసెంబరులో ఒక వారపత్రిక పాఠకులకు పోటీ పెట్టింది. ఈ ఏడాది మీకు నచ్చిన మూడు పుస్తకాలు, మూడు సినిమాలు, ఎందుకు నచ్చాయో రాయండి అని. నేను ఊరుకుంటానా! పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాసి, సినిమాల దగ్గర కలం వదిలేశాను. మొదటి స్థానం ఇచ్చిన ఆ బి.పి. అరవై సినిమా గురించి, "చివర్లో కోలుకున్న కథానాయిక మనవలతో కలిసి భోజనానికి కూర్చునే దృశ్యం చూసి మా హాల్లో అందరూ లేచి నిలబడ్డారు," అని రాశాను. "వైద్యం విషయంలో దర్శకుడు చూపిన శ్రద్ధ ప్రశంసనీయం," అని కూడా అన్నాను. (హాలన్నది బాగుంటుందని పెట్టాను. చీపురు దగ్గర కూర్చుని విన్నానంటే ఎవరు వేసుకుంటారు?)

బహుమతి వచ్చింది. పేరూ ఊరూ అచ్చయ్యాయి. ఆదివారం ఆరాధన అయ్యాక పోస్టుమాస్టరుగారు మెట్ల మీదే నాన్నగారి చేతులు పట్టుకున్నారు. "మేస్టారండీ, అమ్మాయిగారి పేరు పత్రికలో పడిందండి. ఆ సినిమాల గురించి ఎంత బాగా రాసేరండి! చదువుతుంటే పక్క సీట్లో కూర్చుని చూసినట్టుందండి."

ఇంటికొచ్చాక నాన్నగారు నన్ను నిలబెట్టి అడిగారు. "సినిమాలు చూసేవా?"

"లేదండి."

"అయితే అచ్చులో అబద్ధం రాసేవా?"

చూశానంటే కాలేజీ పోతుంది. చూడలేదంటే అబద్ధాలకోరునవుతాను, ఆయన దృష్టిలో అది ఇంకా పెద్ద నేరం. అత్తయ్య చెప్పిందంటే శనివారాలు పోతాయి. నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. ఆయన నేను చూశాననే తేల్చుకున్నారు. సోమవారం నుంచి బస్సు నన్ను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. ఆ బస్సు హారను వినబడినప్పుడల్లా దొడ్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. అత్తయ్య శనివారాలు వచ్చేది గానీ, మాట లేదు, కథ లేదు. ఈనెలు మాత్రం చకచకా తీసేసేది.

మూడో శనివారం ఆవిడ గడప దాటుతూనే సంచిలోంచి కొత్త సంచిక తీసి నాన్నగారి ముందు పెట్టింది. పాఠకుల ఉత్తరాల్లో ముమ్మిడివరం నుంచి ఒకాయన మండిపడ్డాడు. 'ఆ చిత్రం నేను పదకొండుసార్లు చూశాను. విశ్రాంతి కాగానే కథానాయిక మరణిస్తుంది. ఇక మనవలెక్కడి నుంచి వస్తారు? బహుమతి కొట్టేసిన ఈమె సినిమా హాలు గుమ్మం తొక్కలేదని ఘంటాపథంగా చెప్పగలను.'

"చదివేవా తమ్ముడూ? పిల్ల చూడలేదని ఊరూ పేరూ తెలీని మనిషి సాక్ష్యం రాసేడు. ఇంక కాలేజీకి పంపు," అంది అత్తయ్య.

"మరి ఈ మనవలూ, భోజనం, ఇవన్నీ ఎక్కడివి?"

"నావి."

"అయితే నువ్వు హాలుకెళ్ళేవన్న మాట."

"ఆయ్. వెళ్ళేను. ఇదొక్కటే కాదు, అన్నీ చూసేను. పొద్దస్తమానం వార్డులో పోయేవాళ్ళని చూస్తూనే ఉంటాను. వారానికోసారైనా నా చేతిమీదుగా ఒకళ్ళు బతకాలనిపించింది."

ఇక శనివారాలు కూడా పోయినట్టేననుకున్నాను. నాన్నగారు ఆ ఉత్తరం మళ్ళీ మొదట్నించీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి ఆయన గొంతు తగ్గించి అడిగింది మాత్రం నేను అనుకున్నది కాదు.

"అంటే ఆ అమ్మాయి నిజంగా పోయిందా అక్కా?"

"ఏ అమ్మాయి?"

"అదే, బి.పి. అరవైకి పడిపోయిందన్నావే... నేను మీ మరదలితో కూడా చెప్పేను, గండం గడిచిందని."

కిటికీ అవతల ఆయన పట్టుకున్న పేపరు గురించి నాకు అప్పుడు అర్థమైంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అయ్యో, పోయిందా?" అని నుదురు కొట్టుకుంది. అత్తయ్య మొహం దించుకుంది. నాన్నగారు నా వైపు తిరిగి, "సోమవారం బస్సు టైముకి తయారవ్వు," అన్నారు. ఆ మధ్యాహ్నం పేపరు తెచ్చుకుని లోపలే, మా పక్కనే కూర్చున్నారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ సినిమా టీవీలో వస్తే చూశాను. ముమ్మిడివరం ఆయన చెప్పినట్టే, సగంలోనే పోయింది పాపం. ఆమెకు ఒక్క సీసా గ్లూకోజయినా పెట్టకపోవడం నాకిప్పటికీ కోపమే. ఇప్పుడు నేను చూసినవాటి గురించే రాస్తాను, లోపాలు ఎంచి మరీ రాస్తాను, ఎవరూ తప్పు పట్టరు. కానీ చూడకుండానే ఆ బి.ఏ. రెండో ఏటి పిల్ల మెచ్చుకున్నంత ఇదిగా, చూసి నేను దేన్నీ మెచ్చుకోలేకపోతున్నాను.