ఉస్తాద్ బిగించిన గొట్టం

అరవైల్లో మాకు బోధన్ పక్కన చెరుకు తోట ఉండేది. అడవి పందులను తరమడానికి మా ఆయనకు లైసెన్సు రైఫిల్ ఉండేది. దాని గొట్టం పాడైతే నిజామాబాద్‌లో తుపాకులు బాగుచేసే ముసలి ఉస్తాద్ కొత్తది బిగించి, తానే తోటకు తెచ్చి ఇచ్చాడు.

చేతిలోకి తీసుకుని చూస్తే, గొట్టం బిగించిన చోట సన్నని సందు కనిపించింది. ఇదేమిటని అడిగాను. ఉస్తాద్ నా ముఖం చూడలేదు. నాకు అనుమానం వచ్చింది.

“చాచా, మొదటి తూటా నువ్వే కాల్చి సూపెట్టు,” అన్నాను.

“నా చేతులు వణుకుతయ్ బిడ్డా,” అంటూ వెనక్కి జరిగాడు.

“ఇరవై ఏండ్ల సంది తెలిసిన మనిషిని గట్ల అడుగుతవా?” అని మా ఆయన విసుక్కుని రైఫిల్ భుజానికెత్తాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. చివరికి మా ఆయన దాన్ని ఎడ్లు విప్పిన బండికి కట్టి, దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగాడు. గొట్టం ఫెళ్లున పగిలి, ఒక ఇనుప ముక్క బండి చక్రంలో దిగబడింది.

ఉస్తాద్ గట్టు మీద కూలబడి ఏడ్చాడు. “కండ్లు మసకలైనయ్ బిడ్డా. చెప్తే ఎవ్వరు పని ఇయ్యరని చెప్పలే.”

మోసగాడనుకున్న మనిషి అలా ఏడుస్తుంటే జాలేసి, నేనే మంచినీళ్లు ఇచ్చాను. ఉస్తాద్‌ని క్షమించానా అంటే మాత్రం, ఇన్నేళ్లయినా చెప్పలేను.