దేవదానం సారుకు మెత్తని కుంచె

పొద్దున మా అల్లుడు పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. బ్రష్షును వేడినీళ్ళ చెంబులో నాన్చి సబ్బు మీద తిప్పుతుంటే ఆ వాసన వంటింట్లోకి వచ్చింది. తడిసిన వెంట్రుకలు, ఆవిరి, అప్పుడే కడుక్కున్న ముఖం కలిసిన వాసన. బియ్యం కడుగుతున్న నా చేయి నీళ్ళలోనే ఆగిపోయింది. కళ్ళు మూసుకుంటే ఒక కిటికీ, కిటికీలోంచి పడే సాయంత్రపు ఎండ, ఆ ఎండలో ముఖానికి తువ్వాలు కప్పుకుని కూర్చున్న ఒక మనిషి కనిపించాడు. ఆయన దేవదానం సారు. ఆయన పేరు మా ఊరి పొలిమేర దాటి పోలేదు కాబట్టి మీరెవరూ విని ఉండరు.

కడప జిల్లాలో మాది మగ్గాల వీధి. వీధి చివర చర్చి, చర్చికి నీడపట్టున ఒక వరండా. బడి ఉద్యోగం నుంచి దిగిపోయాక సారు సాయంత్రాలు ఆ వరండాలో ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. చర్చికి వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళు, మాలాంటి నేతపనివాళ్ళూ వచ్చేవాళ్ళు. నేను చేరేనాటికి నా జుట్టు సగం నెరిసింది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళినా ఆయన ముందు, నేను వెనక. ఆయన పోయాక ప్రతి బస్టాండులోనూ ఎవరో ఒకరి ముఖం చూసి "ఈ బస్సు యాడికి పోతాదప్పా?" అని అడగవలసి వచ్చేది. కొందరు చెప్పేవారు. కొందరు నన్ను కిందికీ పైకీ చూసి, ఆ తర్వాత చెప్పేవారు. ఎవరినీ అడగకుండా బస్సెక్కాలన్నది నా కోరిక. అందుకోసమే పలక పట్టాను. పట్టానే గానీ, రాసింది ఎవరి కంటా పడనిచ్చేదాన్ని కాదు. కొంగు పలక మీద కప్పి, దాని కింద రాసేదాన్ని. సారు నా దగ్గరికి రాగానే ఇంకా కాలేదనేదాన్ని.

"ఏం ఓబులమ్మా, పలకను పొదుగుతాండావా? పిల్లలు ఎప్పుడు లేస్తాయి?" అనేవారు సారు. వరండా అంతా నవ్వేది. నేను కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కునేదాన్ని.

సారు ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం లేకుండా మా ముందు నిలబడి ఎరుగరు. అలాంటి మనిషికి ఒక ఏడాది పెద్ద జబ్బు చేసింది. జబ్బు తగ్గింది కానీ, మందుల వేడికో ఏమో, ముఖం మీది చర్మం ఉల్లిపొర లాగా పలచబడిపోయింది. పాత బ్రష్షు తగిలితే చాలు, చెంపలు ఎర్రగా పొంగేవట. సబ్బు మార్చారు, బ్లేడు మార్చారు. సెలూనుకు వెళ్ళి చూస్తే అక్కడి బ్రష్షు ఇంకా గరుకు. చివరికి చర్చి వరండాకు రావడం మానేశారు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. మా పలకలు గూళ్ళలోకి ఎక్కాయి. అప్పటికి నాకు అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపితే తెలియదు. ఆ చదువు అక్కడే ఆగిపోతుందని భయం పట్టుకుని ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను.

సారు తలుపు కొంచెమే తీశారు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు.

"ఇంక క్లాసు ఉండదు, పోమ్మా."

"మాకు చదువు చెప్పేది మీ నోరు గదా సారూ. గడ్డం ఉంటే ఏం, లేకుంటే ఏం?"

"బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లోళ్ళ గోర్లు చూసి, తలలు చూసి, శుభ్రం లేదని ఇంటికి తరిమినోణ్ణి. ఈ ముఖం పెట్టుకుని మీ ముందర ఎట్ల నిలబడేది? డాక్టరు మెత్తని బ్రష్షు తెచ్చుకోమన్నాడు. మెత్తంది యాడుండాది?"

"కుంచెల సంగతి మగ్గపోళ్ళకు ఇడిసిపెట్టండి," అన్నాను. ఆ మాట ఎంత ధైర్యంగా అన్నానో ఇప్పటికీ ఆశ్చర్యమే. మా మగ్గాల మీద పడుగు దారానికి గంజి పట్టించేది కుంచెతోనే. కుంచె గరుకైతే పోగు లేస్తుంది, పోగు లేస్తే తెగుతుంది. ముఖం కూడా ఒక పడుగే అనుకున్నాను.

కడపలో మస్తానన్న ఫ్యాన్సీ షాపుకు వెళ్ళాను. ఆయన ఒక పెట్టె కిందికి దించి నా ముందు బ్రష్షులు పరిచాడు. పంది వెంట్రుకలవి చేతికే గుచ్చుకున్నాయి. మెరిసే పిడి ఉన్నది చూడ్డానికి బాగుంది కానీ నొక్కితే వంగలేదు. సన్నపు నైలాను పోగులది ఒకటి వేలు పెడితే పిల్లి మెడ బొచ్చులా లోపలికి పోయింది. కొత్త నూలు మెత్తదనాన్ని మేము పెదవి మీద చూస్తాం. చేతులు కాయలు కాస్తాయి, పెదవి కాయదు. అలవాటు కొద్దీ ఆ బ్రష్షును పెదవికి తాకించి కళ్ళు మూసుకున్నాను.

"ఏందమ్మా, దాన్ని ముద్దు పెట్టుకుంటాండావా?" అన్నాడు మస్తానన్న.

"కాపురం చేసేది దాంతోనే మరి. గుణం చూడొద్దా?"

షాపులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అదే కొన్నాను.

ఇక ఇంటికి వచ్చి చేసిన పని చెప్తే మగ్గం తెలిసినవాళ్ళు తలూపుతారు, తెలియనివాళ్ళు తల పట్టుకుంటారు. మా ఇంట్లో కొత్త కుంచె ఏది వచ్చినా ముందు పలచని గంజిలో ముంచి నీడన ఆరబెట్టేవాళ్ళం. వెంట్రుకలు చెదరకుండా ఒద్దికగా ఉంటాయని మా అత్త అనేది. ఈ బ్రష్షుకూ అదే మర్యాద చేశాను. ఆరాక గుడ్డలో చుట్టి, చూడకుండానే తీసుకెళ్ళి సారు చేతిలో పెట్టాను. ఆయన తువ్వాలు కిందుగా దాన్ని చెంపకు ఆనించుకుని "అబ్బా" అన్నారు.

"ఓబులమ్మా, ఇది బ్రష్షా, కోసిన చేలో కందికొయ్యా?"

గంజి పెట్టిన సంగతి చెప్పాను. సారు ఒక్క క్షణం నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గులోంచి మళ్ళీ నవ్వయింది. "నా ముఖానికి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తాండాది!" అంటూ ఊగిపోతుంటే తువ్వాలు జారి ఒళ్ళో పడింది. అప్పుడు చూశాను ఆయన ముఖం. తెల్లని గడ్డం మధ్య ఎర్రటి మచ్చలు, పొక్కిన చర్మం. చూడకూడనిది చూసినట్టు తల తిప్పుకోబోయాను. సారు మాత్రం తువ్వాలు తీసుకోలేదు.

"చూస్తే చూడు. నువ్వు నీ తప్పు చెప్పుకుంటివి గదా," అన్నారు.

వేడినీళ్ళలో బ్రష్షును నానబెట్టాం. నీళ్ళు తెల్లబడ్డాయి, పోగులు మెల్లగా విచ్చుకున్నాయి. గిన్నెలో నురగ చేసి సారు అద్దం పట్టుకోమన్నారు. కిటికీలోంచి ఎండ పడి ఆ నురగ దూదిలా వెలిగింది. ఆయన నొక్కకుండా, గుండ్రంగా, చంటిబిడ్డకు నలుగు పెట్టినట్టు బ్రష్షును చెంపల మీద తిప్పుకున్నారు. దూరంగా వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు, బ్రష్షు తిరిగే చప్పుడు ఒకే లయలో కలిసి, నేను అద్దం పట్టుకున్నానో అద్దమే నన్ను పట్టుకుందో తెలియని మత్తు కమ్మింది. సారు గడ్డం గీసుకుని, కళ్ళు మూసుకుని చెంపలు తడుముకున్నారు.

"మంట ల్యాదు," అన్నారు చివరికి. ఆ గొంతు బడిపిల్లవాడిది.

మర్నాడు వరండాలో మా ముందు నిలబడ్డారు. గడ్డం లేదు, మచ్చలు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. సారు ముఖాన్ని ఎండ వైపు తిప్పి, ఒక చెంప, తర్వాత రెండో చెంప చూపించారు.

"అందరూ చూసినారు గదా? అయిపాయ. ఇంక పలకలు చూసుకోండి."

ఆ రోజు నా చేయి కొంగు కోసం వెతకలేదు. రాసింది రాసినట్టే ఒళ్ళో పెట్టుకున్నాను. సగం తప్పులే. పక్కన కూర్చున్న ఆమె తొంగి చూసింది, చూడనిచ్చాను. సారు వంగి ఒక్కో అక్షరం దిద్దారు. విడివిడిగా తెలిసిన అక్షరాలు ఆ నెలలోనే నాకు కలవడం మొదలుపెట్టాయి.

సారు పోయి కొన్నేళ్ళయింది. నాకు చదవడం ఇప్పటికీ వేగంగా రాదు. బస్టాండులో బోర్డు ముందు నిలబడి, వేలు గాలిలో కదుపుతూ, పైకే చదువుతాను. బ, న, గా, న, ప, ల్లె. వెనక జనం తోసుకుంటారు. మొన్న ఒక కండక్టరు "ఎక్కేదుంటే ఎక్కమ్మా, ఆడ ఏం చూస్తాండావు?" అని కసిరాడు. అందరూ నా వైపు తిరిగారు.

"ఉండప్పా, చదువుకుంటాండా," అన్నాను, అందరికీ వినపడేటట్టు.