గోడ దగ్గరి పిల్లకు కనబడే బొమ్మ

నిన్న జగిత్యాలలో మా ఆఫీసుకు బొమ్మల పుస్తకాల పెట్టె వచ్చింది. పెట్టె మూత తీయగానే రంగుల సిరా, జిగురు, కొత్త కాగితం కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నేను కుర్చీలో కూర్చోలేను. చిన్నపిల్లల బడులకు పుస్తకాలు ఎంచి పంపడం నా పని. ఒక పుస్తకం విప్పి, కొత్తగా చేరిన అమ్మాయి చేతిలో పెట్టి, "కదలకుండా పట్టుకో" అని చెప్పి, వెనక్కి నడిచాను. వీపు అవతలి గోడకు తగిలేదాకా ఆగలేదు. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. పుస్తకాన్ని దగ్గరికి తీసుకుని ఎంచేవాళ్లనే చూసిందట గానీ, దాని నుంచి పారిపోయి ఎంచే మనిషిని ఎప్పుడూ చూడలేదట. "ఈ పిచ్చి నాది కాదమ్మా, సత్తెక్కది" అన్నాను. సత్తెక్క ఎవరో ఆమెకు తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను.

మా వైపు అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం అని ఇప్పటికీ చెప్పుకునే రోజులవి. మాది కోరుట్ల. ఇంటర్ కాగానే సిరిసిల్లలో ఒక బాలవాడిలో ఆయమ్మకూ టీచర్‌కూ నడుమ ఉండే ఉద్యోగం దొరికింది. అక్కడి టీచర్ సత్తెక్క. పొట్టిగా, గట్టి గొంతుతో, నడిస్తే పరుగెత్తినట్టే ఉండేది. బడి అంటే కనకయ్య అనే ఆసామి ఇంటి ముందు గది. ఆసామి అంటే నాలుగు మర మగ్గాలు సొంతంగా ఉన్నవాడని అర్థం. వాటిని సిరిసిల్లలో సాంచాలంటారు. గోడకు అవతల సాంచాలు, ఇవతల నలభై మంది పిల్లలు. తల్లులు నూలు కండెలు చుట్టే పనికి పోతూ పిల్లల్ని మా దగ్గర దింపేవారు. కరెంటు ఉన్నంతసేపూ ఆ గదిలో పక్కనున్న మనిషి మాట వినబడడం కూడా అదృష్టమే.

నేను చేరిన కొత్తలోనే అక్క నన్ను జగిత్యాలకు పుస్తకాలు కొనడానికి తీసుకుపోయింది. దుకాణంలో నా కళ్లు ఒక అడవి బొమ్మల పుస్తకం మీద పడ్డాయి. ప్రతి పేజీలో చీమంత జంతువులు, ఆకు ఆకుకూ ఒక పురుగు! చూసిన కొద్దీ ఏదో ఒకటి కనబడుతోంది. మురిసిపోయి అక్కకు చూపించాను. ఆమె పేజీలు తిప్పి ముచ్చటపడింది కూడా. తరువాత దాన్ని దుకాణదారు చేతికిచ్చి, "సేటూ, గిట్ల పట్టుకొని నిలబడు" అని గబగబా రోడ్డు దాటింది. ఎడ్లబండి, రెండు రిక్షాలు, ఒక బస్సు ఆమెకు అడ్డంగా పోయాయి. అవతలి గట్టు మీద నిలబడి కళ్లు చికిలించి చూసి, నన్ను రమ్మని చెయ్యి ఊపింది. నేనూ దాటాను.

"ఏం కనబడుతుంది, చెల్లె?"

"పచ్చగా ఏదో ఉందక్కా."

"గంతే గద! ఇది ఒళ్లె కూసోబెట్టుకొని ఒక్క పిల్లకు చూపే పుస్తకం. శాన మంచిది. మనకు నలభై మంది ఉన్నరు. గోడ కాడ కూసున్న రమకు ఏం కనబడాలె?"

రమ అందరికంటే వెనక, గోడకు ఆనుకుని కూర్చునే పిల్ల. ఎవరితోనూ మాట్లాడేది కాదు. అక్క లెక్కలో పుస్తకం మంచిదా కాదా తేల్చేది రమే. ఈ దూరపు చూపు ఆమెకు వాళ్ల నాన్న నుంచి వచ్చిందట. ఆయన చీర నేయడం అయ్యాక దాన్ని దండెం మీద ఆరేసి, వాకిలి అవతలికి పోయి చూసేవాడట. దగ్గరైతే పోగులే కనబడతాయి, దూరం పోతేనే అంచు తెలుస్తుంది.

దూరం పరీక్ష అయ్యాక నోటి పరీక్ష. దుకాణం మెట్ల మీదే నిలబడి గొంతెత్తి చదివేది. దారిన పోయేవాళ్లు ఆగి చూసినా ఆమెకు పట్టేది కాదు. నాలుక ఎక్కడ తడబడినా ఆ పుస్తకం పక్కకు పోవాల్సిందే. చివరిగా పేజీ పరీక్ష. "తలుపు ఎనుక ఎవలున్నరో ఈ పేజీలనే కనబడితే పిల్లలు ఎందుకు ఎదురుసూస్తరు? పేజీ మలిపినంకనే కనబడాలె" అనేది. ఆ పేజీ మలిపే క్షణం కోసమే ఆమె పుస్తకాలు కొనేదేమో అని నాకు అనుమానం.

ఆ రోజు గెలిచింది ఒక మేకపిల్ల పుస్తకం. పేజీకి ఒకే పెద్ద బొమ్మ. తప్పిపోయిన పిల్లను వెతుక్కుంటూ తల్లిమేక ప్రతి ఇంటికీ పోతుంది. అక్క "మా మేకపిల్ల ఎటు పోయె?" అని అడిగితే నలభై మందీ "ఇటు రాలె! ఇటు రాలె!" అని అరిచేవారు. అబ్బ, ఆ అరుపు! సాంచాల చప్పుడు మీదికి ఎక్కి కూర్చునేది. రోజూ అదే పుస్తకం అడిగేవారు, రోజూ గొంతులు బొంగురుపోయేవి. రమ మాత్రం పెదాలు కదిపి ఊరుకునేది.

ఆ అరుపే కొంప ముంచింది. ఒక మధ్యాహ్నం మా గల్లీ మొదట్లో పోలీసు జీపు ఆగింది. సాంచాల చప్పుడులో బయటికి మాటలు తెలియవు. ఒక గొంతు అడగడం, నలభై గొంతులు జవాబివ్వడం మాత్రం తెలుస్తుంది. ఆ రోజుల్లో అలాంటి చప్పుడుకు ఆ ఊళ్లో ఒకటే అర్థం, అన్నల మీటింగు. తుపాకులతో గుమ్మంలోకి వచ్చినవాళ్లకు కనబడింది ముక్కు కారుతున్న పిల్లలు, మేక బొమ్మ. వాళ్లలో పెద్దాయన నవ్వబోయి ఆపుకుని, "ఈ నినాదాలు మళ్లీ వినబడొద్దు" అని కనకయ్యకు చెప్పి వెళ్లిపోయాడు.

కనకయ్య తాళం పట్టుకుని మా గదికి వచ్చాడు. "టీచరమ్మా, నేను ఆలుపిల్లలున్నోన్ని. గది ఖాళీ చెయ్యిండ్రి" అన్నాడు. గది పోతే బడి లేదు. ఆ భయాల నడుమ మరొకరు గది ఇవ్వరు. పిల్లలు మళ్లీ తల్లుల వెంట కార్ఖానాలకు, తిరిగే బెల్టుల పక్కకు పోవాలి. అక్క బతిమాలింది. "అన్నా, సప్పుడే గద నీ భయం? పిల్లల గొంతు గడప దాటితే అప్పుడు తాళం ఎయ్యి." ఆయన సరేనన్నాడు గానీ, చేతిలో తాళం మాత్రం వదల్లేదు.

నలభై మంది పిల్లలు, చప్పుడు ఉండకూడదు! నాకు ఏడుపొచ్చింది. అక్కకేమో హుషారొచ్చింది. "ఇన్నొద్దులు అరిపిచ్చే పుస్తకం ఎతికినం. ఇప్పుడు ఊకుండబెట్టే పుస్తకం ఎతుకుదాం, పా!" అని నన్ను బస్సెక్కించింది. జగిత్యాలలో దొరకలేదు. కోరుట్లలో, మా ఇంటికి దగ్గర్లోనే, పాత పుస్తకాలమ్మే బండి మీద అడుగున దొరికింది. అట్ట చిరిగి ఉంది. నిండు పేజీలో నిద్రపోతున్న ఏనుగు పిల్ల. దాన్ని లేపకుండా దాటిపోవాలని ఒక్కో జంతువూ మునివేళ్ల మీద వస్తుంది. నేను పుస్తకం పట్టుకున్నాను, అక్క రోడ్డు దాటింది. అవతలి నుంచి వేలు పెదాల మీద పెట్టి నాకు చూపించింది. నేను బజారు నడుమ ఎగిరి గంతేశాను.

మరునాడు కరెంటు పోయేదాకా అక్క ఆగింది. సాంచాలు ఆగాయి, గల్లీ అంతా సద్దుమణిగింది. అప్పుడు పుస్తకం విప్పి, గుసగుసగా మొదలుపెట్టింది. నక్క వచ్చింది, వెళ్లింది. ఎలుగుబంటి వచ్చింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. పేజీ మలిపిన చప్పుడు నాకు వినబడింది. ఆ గదిలో అది వినడం అదే మొదటిసారి.

అంతలో కనకయ్య పరుగెత్తుకొచ్చాడు. రోజూ అరుపులకు భయపడ్డ మనిషి ఇప్పుడు నిశ్శబ్దానికి భయపడ్డాడు. "ఏమైంది? పిల్లలేరి?" అనబోయి, బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బొమ్మలో కోతి చేతిలోంచి కాయ జారి కింద పడుతోంది. అక్క పేజీ అంచు పట్టుకుని మలపకుండా ఆపింది. ఆయన ఆగలేకపోయాడు.

"లేసిందా?" అని గట్టిగా అడిగేశాడు.

"ష్!"

ఆ 'ష్' గోడ దగ్గరి నుంచి వచ్చింది. రమ! వేలు పెదాల మీద, కళ్లు ఆసామి మీద. వెంటనే నలభై వేళ్లు పెదాల మీదికి వెళ్లాయి. కనకయ్య తాళం బొడ్లో దోపుకుని, చడీచప్పుడు లేకుండా కింద కూర్చున్నాడు. ఆ తాళం మా గదికి ఎన్నడూ పడలేదు.

అక్క చివరి ఏళ్లలో సిరిసిల్లలోనే ఉంది. జీవితమంతా సాంచాల పక్కన పాఠాలు చెప్పిందేమో, చెవులు పూర్తిగా పోయాయి. ఒకసారి కొత్త పుస్తకం తీసుకుని ఆమెను చూడడానికి పోయాను. మాట వినబడదు కదా, ఏం చేయాలో తోచక, గది అవతలి గోడ దగ్గరికి పోయి పుస్తకం విప్పి పట్టుకున్నాను. అక్క మంచం మీద లేచి కూర్చుని కళ్లు చికిలించింది. ఇంకా వెనక్కి పొమ్మని చెయ్యి ఊపింది. వెనక గోడ ఉంది. నేను తలుపులోంచి వాకిట్లోకి దిగి, అక్కడి నుంచి చూపించాను.

"ఆఁ, గిది నడుస్తది! రమకు కనబడుతది" అని అరిచింది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

ఇప్పటికీ ఏ బడికి సంచి కట్టినా అరిపించే పుస్తకం ఒకటి, ఊరుకోబెట్టేది ఒకటి తప్పకుండా పెడతాను. నిన్న గోడకు ఆనుకుని చూస్తుంటే ఆ కొత్త అమ్మాయి, "ఎలా ఉంది మేడమ్?" అని అడిగింది. వెళ్లి ఆమె చేతిలోని పుస్తకం అందుకున్నాను.

"నన్నడక్కు. నువ్వు పో గోడ దాకా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వుతూనే వెనక్కి నడవడం మొదలుపెట్టింది.