కనుబొమల అక్క

పార్లర్లో కనుబొమలు దిద్దే అక్కకు తెలియని సినిమాతార కాపురం లేదు. దారం కొస పళ్ల మధ్య బిగించి ఉన్నంతసేపే ఆమె నోరు ఊరుకుంటుంది. కొస వదిలిందంటే ఎవరి పెళ్లి ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏ పబ్బులో పాటలకు చెవులు చిల్లులు పడతాయో తేల్చిపారేస్తుంది. ఆ పబ్బుల గడప ఆమె ఎన్నడూ తొక్కింది లేదు. అద్దం మూలన మాత్రం, సముద్రం మీద కట్టిన హోటల్ బొమ్మను వారపత్రికలోంచి కత్తిరించి అంటించుకుంది. మంచం దిగితే నీళ్లేనట, వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. నిన్న ఒక కొత్త పెళ్లికూతురు ఆ బొమ్మ చూసి, "మేం అక్కడికే వెళ్లొచ్చాం అక్కా. ఏముంది, రెండో రోజుకే విసుగొచ్చేసింది," అంది. ఒక కనుబొమ అయింది, రెండోది మిగిలింది. అక్క పళ్ల మధ్య నుంచి దారం తీసి, ఎన్నడూ లేనంత మెల్లగా అంది: "నాకు చెప్పకమ్మా. నేనింకా వెళ్లలేదు."