ఫుల్ టిక్కెట్టు

కండక్టరు ఇచ్చిన అర టిక్కెట్టును మనవరాలు అతని చేతిలోనే తిరిగి పెట్టడం అమ్మమ్మ కళ్ళారా చూసింది. "నాకు ఇరవయ్యారేళ్ళండీ, ఫుల్ టిక్కెట్టు కొట్టండి." "ఊరుకో పాపా, నీకు లాభమేగా!" "పాప మీ ఇంట్లో ఉంటుంది. నేను కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే పని చేస్తున్నా." బస్సంతా నవ్వింది. అతను టిక్కెట్టు మార్చక తప్పలేదు. ఆరేళ్ళప్పుడు రక్తపు క్యాన్సరుకు చేసిన వైద్యం ఆ పిల్లను బతికించింది గానీ, ఎత్తును నాలుగున్నర అడుగుల దగ్గరే ఆపేసింది. నెలసరి మాత్రలతోనే వస్తుంది, పిల్లలు పుట్టడం కష్టమన్నారు. ఆ మాత్రను రోజూ పొద్దున్నే అందరి ముందే వేసుకుంటుంది. కొట్టులో పీటెక్కి నిలబడి, ప్రతి అద్దం అంచునూ బొటనవేలితో తడిమి గానీ ఫ్రేములో బిగించదు.

కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వచ్చి ఆమెను ఇష్టపడినవాడి తల్లి ఆదివారం మాట్లాడటానికి వస్తోంది. కొడుక్కి అన్నీ తెలుసు, ఆవిడకి తెలియవు. "పెళ్ళయ్యాక చెబుదాంలే" అంది మనవరాలి అమ్మ. అమ్మమ్మ కూడా, ఎన్నడూ లేనిది, నోరు మూసుకుని ఊరుకుంది. మనవరాలు అమ్మమ్మ కళ్ళజోడు తుడిచి ఆవిడ ముక్కు మీద సరిగ్గా నిలబెట్టింది. "అమ్మకి నోరు పెగలదు. నేను చెబితే వచ్చే ఆవిడ జాలిపడుతుంది. నీ నోటికి భయపడి ఎవరూ జాలిపడరు అమ్మమ్మా. ఆవిడ కూర్చోగానే నువ్వే చెప్పెయ్. సగం చెప్పి ఆపకు."