ఒకటి మూశాకే రెండోది

గోదావరిఖనిలో మాకు దొరికిన కంపెనీ క్వార్టర్ రెండో అంతస్తులో ఉండేది. వంటింటి కిటికీ గోదావరి వైపు, ముందు తలుపు నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వైపు. మధ్యాహ్నం సైరన్ మోగేది, కాసేపటికి గనిలో పేలుళ్లు జరిగేవి, షెల్ఫులో గిన్నెలు గలగలమనేవి. ఆ వెనకే దుమ్ము వచ్చేది. సైరన్ వినపడగానే కాలనీలో ఆడవాళ్లం ఏ పనిలో ఉన్నా లేచి తలుపులు, కిటికీలు మూసేవాళ్లం. అయినా సాయంత్రానికి పప్పు డబ్బా మూత మీద వేలితో పేరు రాసుకోవచ్చు. ఆ దుమ్మును నేను తిట్టని తిట్టు లేదు.

మా ఆయన పనిచేసేది ఆ గనిలో కాదు, భూమి లోపలికి దిగే గనిలో. దాన్ని మా వైపు బాయి అంటారు. ఆయన బొగ్గు కొట్టేవాడు కాదు, కొట్టేవాళ్లకు గాలి అందించేవాడు. గాలి దారి తప్పకుండా లోపల పరదాలు కట్టడం, తలుపులు బిగించడం ఆయన పని. అంతమందికి గాలి పంచిన మనిషికి నలభై దాటాక ఊపిరి ఆడడం కష్టమైంది. దవాఖానలో డాక్టరు, దుమ్ముకూ పొగకూ దూరంగా ఉండమన్నాడు. నాకు ఒళ్లు మండింది. గోదావరిఖనిలో కాపురం పెట్టినవాడు దుమ్ముకు దూరంగా ఎక్కడికి పోతాడు?

ఆ సాయంత్రం ఆయన చొక్కా కూడా విప్పకుండా అగరుబత్తి వెలిగించి గది మధ్యలో నిలబడ్డాడు.

"ఇయ్యాల దేవుడు యాదికొచ్చిండా?" అన్నాను.

"గాలి ఎటు వోతుందో సూస్తున్న. ఊకో జర."

పొగ ఎటు వంగితే అటు చూస్తూ ఇల్లంతా తిరిగాడు. చివరికి వంటింట్లో ఆగి, "అంత పెద్ద బాయిల గాలికి తోవ సూపిచ్చిన. గీ రెండర్రల ఇంట్ల సూపియ్యలేనా?" అన్నాడు.

ముందు వేటు నా బొగ్గు పొయ్యి మీద పడింది. దాని మీద ఉడికిన పప్పు రుచి గ్యాసు మీద వస్తుందా? వారం రోజులు మూతి ముడుచుకున్నాను, ఆయన పట్టించుకోలేదు. తర్వాత కరెంటు హీటరు కూడా తీసేశాడు. క్వార్టర్లకు కరెంటు ఊరికే వచ్చేది కాబట్టి కాలనీలో పట్టపగలు కూడా లైట్లు వెలిగేవి, ఎవరూ ఆర్పేవాళ్లు కారు. ఆయన మాత్రం పెద్ద బల్బులన్నీ తీసేసి సీఎఫ్‌ఎల్ బల్బులు పెట్టాడు. ఊరికే వచ్చేదానికి ఇంత పిసినారితనం ఎందుకని అడిగాను. "మనకు ఊరికెనే వస్తది గని, ఆడ పవర్ ప్లాంటుల కరెంటు కోసం బొగ్గు ఊరికెనే కాలుతుందా? ఆ పొగ మల్ల మన మీదికే వస్తది" అన్నాడు. నాకు ఇంకా కోపం వచ్చింది.

గని వైపు కిటికీలకు, దుమ్మును పట్టి ఆపేలా, గోనె సంచులు వేలాడదీశాడు. ఆయన డ్యూటీ బట్టలు ఉతికితే మొదటి నీళ్లు నల్లగా, రెండోవి బూడిద రంగులో వచ్చేవి. చివరగా జాడించిన నీళ్లు పారబోయకుండా ఆ సంచుల మీద చల్లేదాన్ని. అవి కారి, కింద రంగు డబ్బాల్లో పెట్టిన కలబందకు పడేవి. ఇక ముందు తలుపుకు రెండడుగులు లోపల, పాత ప్లైవుడ్‌తో ఇంకో తలుపు బిగించాడు. బాయిలో గాలి తలుపులు జంటగా ఉంటాయట. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండూ ఒక్కసారి తెరిస్తే గాలి దారి తప్పుతుంది, లోపలివాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. ఆ నియమం మా ఇంట్లోకీ వచ్చింది.

కమాన్‌పూర్ నుంచి మా తమ్ముడు మక్కజొన్నల సంచి భుజాన వేసుకొని వచ్చినప్పుడు ఆ రెండు తలుపుల మధ్య ఇరుక్కుపోయాడు. సంచి అడ్డం పడి వెనకున్న బయటి తలుపు మూతపడదు, అది పడితే గానీ ఈయన లోపలిది తెరవడు.

"బావా, గిది ఇల్లా, జైలా?"

"ముందుగాల ఎనకది మూయి బామ్మర్దీ, తర్వాత మాట్లాడుకుందాం."

నేను పొట్ట పట్టుకొని నవ్వాను. చివరికి తమ్ముడు సంచిని నిలువుగా నెత్తిన పెట్టుకొని లోపలికి వచ్చాడు.

కానీ ఆ వేసవిలో ఆయన ఎప్పటిలా రాత్రంతా గోడకు ఒరిగి కూర్చోకుండా, మంచం మీద వెల్లకిలా పడుకొని నిద్రపోయాడు. ఎన్నాళ్లకో చూశాను ఆ నిద్ర. గెలిచామనుకున్నాను. అంతవరకు మా తలుపులు చూసి నవ్విన పక్కింటి అక్క తమ ఇంటికీ అలాంటి తలుపు కావాలని అడిగింది.

బయటి దుమ్మును ఆపగలిగాం. ఏళ్ల తరబడి ఆయన లోపల పేరుకున్నదానికి ఏ తలుపు పెడతాం? తెలంగాణ వస్తుందని ఖాయమైన రోజుల్లో కాలనీ అంతా సంబరంగా ఉంటే, ఆయన దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఇంటికి తీసుకుపొమ్మని పోరాడు. "మనింట్ల గాలి మంచిగుంటది" అన్నాడు. తీసుకొచ్చాను. రాష్ట్రం రాకముందే, ఒక ఉదయం, గోదావరి వైపు కిటికీ కింద పోయాడు.

మధ్యాహ్నం నలుగురు దుప్పట్లో పట్టి ఆయన్ని లేపారు. తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఆ రెండడుగుల చోటులో పడుకున్న మనిషి పట్టడు. "రెండూ తెరువుండ్రి" అని ఎవరో అన్నారు. తమ్ముడు ఏడుస్తూ రెండు తలుపులూ బార్లా తీసి పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్ట్ సైరన్ మోగింది.

నేను లేచి ఉరికాను. "ఒకటి మూయిండ్రి, దుమ్మొస్తది, ఆయనకు ఆయాసమైతది" అంటూ లోపలి తలుపు పట్టుకొని లాగాను. ఎవరూ కదల్లేదు. తమ్ముడు నా ముఖం చూడలేక తల తిప్పుకున్నాడు.

పక్కింటి అక్క వచ్చి తలుపు మీది నుంచి నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించింది.

"ఇగ ఆయనకేం గాదు చెల్లె. తెరిచే ఉండనియ్యి."

వాళ్లు ఆయన్ని మెట్ల మీదుగా దించుతుంటే దుమ్ము ఇంట్లోకి వచ్చింది.