ఓబుళేశు బండి కింద దావూద్ చక్రాలు

ఆ శుక్రవారం దావూద్ నమాజుకు పోయిన సందు చూసి ఓబుళేశు మనుషులు వచ్చారు. దావూద్ పికప్ బండికి జాకీ వేసి, నాలుగు చక్రాలూ ఊడబీకి, బండిని రాళ్ల మీద కూర్చోబెట్టి పోయారు. చీకట్లో జరిగిన దొంగతనం కాదు ఇది. పట్టపగలు జరిగింది, వీధి వీధంతా చూసింది. గడప మీద బియ్యం ఏరుకుంటున్న దావూద్ భార్య బషీరాబీ కూడా చూసింది.

"రెండు దినాలు వాడుకోని ఇస్తాంలే బూబమ్మా" అన్నాడు ఓబుళేశు, మోటారుసైకిలు దిగకుండానే.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. లేచిన మనిషి మళ్లీ కూర్చొని బియ్యం ఏరుకుంది.

ఓబుళేశుకు ఊరి గుట్ట కింద కంకర మిషను ఉంది. కోసిగి వైపు మా ఊళ్లలో వాన మొహం చాటేసిన ఏడు జనం పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే పక్క జిల్లాల కూలికి, వలస పోతారు. పోలేనివాళ్లు కంకర మిషన్లో పనికి చేరతారు. ఆ తెల్లదుమ్ము మింగి మింగి మగవాళ్లు నలభై దాటకుండానే గోడ పట్టుకొని నడిచే స్థితికి వచ్చారు. ఎట్టకేలకు కొందరు ధైర్యం చేసి అర్జీ పెట్టారు. సోమవారం కర్నూల్లో విచారణ. బస్సుకు రోడ్డుదాకా నడిచే ఊపిరి వాళ్లకు లేదు, ఆటోలవాళ్లు ఓబుళేశుకు జడిసి రామన్నారు. "నా బండిలో పోదాం రాండి" అన్న మగవాడు ఊళ్లో దావూద్ ఒక్కడే. అందుకే శుక్రవారం ఆ బండికి చక్రాలు లేకుండా పోయాయి. సోమవారం విచారణకు ఎవరూ పోలేదు. అర్జీ ఇచ్చినవాళ్లే రాలేదు కాబట్టి ఫిర్యాదు ఏమీ లేదని రాసుకొని కాగితాలు మూసేశారు.

దావూద్ ఆ బండి మీద టార్పాలు కప్పాడు, అంతే. అతనూ ఏళ్ల తరబడి అదే మిషన్ నుంచి కంకర తోలినవాడు. ఆ మరుసటి ఏడు అతనికి ఊపిరి ఆడని రోజున ఆస్పత్రికి పోవడానికి సొంత బండి వాకిట్లోనే ఉంది, రాళ్ల మీద. ట్రాక్టరు దొరికేసరికి ఆలస్యమైపోయింది.

పోయేముందు అతను ఒకే మాట చెప్పాడు: "ఇంజను మటుకు ఆపొద్దు బీ. వారానికోసారన్నా తిప్పు."

ఆమె తిప్పింది. క్యాబిన్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. వాటిని తోలి, సీటు దులిపి, తాళం తిప్పేది. చక్రాల్లేని బండి రాళ్ల మీద గడగడా వణికేది.

"యాడికి పోతాండావు బూబమ్మా, రాళ్ల మీద కూకోని?" అని నవ్వేవాళ్లు.

"పోతాలే అప్పా. నీకు జాగా ఉంచుతా" అనేది ఆమె. ఎవరెవరు నవ్వారో ఆమెకు గుర్తు. చక్రాలు విప్పిన చెయ్యి ఎవరిదో అంతకంటే బాగా గుర్తు. ఆ చెయ్యి బొజ్జన్నది. మిషన్లో కూలి, దావూద్‌ను అన్నా అన్నా అని పిలిచినవాడు, ఆ ఇంట్లో రంజాన్ సేమ్యా తాగినవాడు.

ఈ ఏడు ఎండాకాలం చివర అదే బొజ్జన్న ఆమె గడప ముందు నిలబడ్డాడు. రెండు మాటలకోసారి దగ్గుతున్నాడు.

"వదినా, మనోళ్లు మళ్ల అర్జీ ఇచ్చినారు, విచారణ పెట్టినారంట. పీర్లపండగ అయినంక. ఆటోలోళ్లు ఇప్పుడూ రామంటాండారు."

"నాకెందుకు చెప్తాండావు? నీ ఓబుళేశు జీపులో పో."

బొజ్జన్న కదల్లేదు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. మర్నాడు పొద్దున్నే చేతిసంచి తీసుకొని, రోడ్డుదాకా నడిచి కర్నూలు బస్సెక్కింది.

ఆ బండి దావూద్ తండ్రి కాలం నాటిది. జీపు మూతి, వెనక చెక్క తొట్టి. ఇప్పటి బండ్ల చక్రాలు దానికి పట్టవు, బోల్టుల వరస కలవదు. కర్నూలు పాతసామాన్ల వీధిలో ఒకడు నవ్వాడు, ఇంకొకడు కడపకు పొమ్మన్నాడు. కడపలో రాయచోటి పేరు చెప్పారు. రాయచోటిలో పాతబండ్లు విప్పే అష్రఫ్, ఆనాడు వాకిట్లో వదిలేసిపోయిన చక్రాల నట్లలో ఆమె తెచ్చిన ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కుర్చీ వేశాడు.

"ఇట్లాంటివి రెండు ఉండాయి పెద్దమ్మా. టైర్లతో సహా. ఇంకో రెండు మాత్రం నేనే కాదు, ఎవురూ ఇయ్యలేరు."

"అన్ని బండ్లు విప్పినావే, చక్రాలు యాడ పోయినాయి నాయనా?"

"ఎద్దులబండ్ల కిందికి. పాత ఇనుము గట్టిది గదా, టైరుబండి చేపిచ్చుకునేటోళ్లు చక్రాలను మొదలే ఎత్తుకపోతారు. మీ ఊళ్లో టైరుబండి యాడుండాదో చూసుకో పో."

ఆమె నట్టును కొంగులో ముడేసుకుంది. వాళ్ల ఊళ్లో టైరుబండి ఒక్కటే, ఓబుళేశుది. దానికి కట్టే ఎద్దులు బండలాగుడు పందేల్లో గెలిచి వచ్చినవి. ఇన్నేళ్లూ ఆ బండి ఆమె గడప ముందు నుంచే పోతూ ఉంది. గజ్జెలు చూసింది, ఎద్దుల కొమ్ముల రంగులు చూసింది. కింద ఏముందో చూడలేదు.

తిరుగు బస్సులో కండక్టరు చక్రాలను చూసి తల పట్టుకున్నాడు.

"ఆడోళ్లకు ఉత్తదే గానీ, చక్రాలకు టికెట్టు కొట్టాలమ్మా."

"కొట్టప్పా. ఇవి మగోళ్లే" అంది బషీరాబీ. చక్రాలు పోయిన ఈ నాలుగేళ్లలో ఆమె తనంతట నవ్వుతూ అన్న మొదటి మాట అదే.

పీర్లు లేచాయి. మా వైపు పీర్లపండగ తురకలదని ఎవరూ అనుకోరు, ఊరందరిదీ. మొక్కుకున్న హిందువులు ఆ దినాల్లో పక్కీర్లవుతారు. మెడలో ఎర్రదారం, చంకలో జోలె, కాళ్లకు చెప్పులుండవు. ఇల్లిల్లూ అడుక్కోవాలి, జోలెలో ఏది వేసినా కాదనకూడదు. పీర్లను సాగనంపేదాకా ఎవరి మీదా గొంతు లేపకూడదు, చెయ్యెత్తకూడదు. ఓబుళేశు తాతకాలపు మొక్కు అది. ఏడాదంతా ఊరిని అదిలించేవాడు ఆ నాలుగునాళ్లూ వంగి నడుస్తాడు. పండగ నిప్పులగుండానికి కట్టెలు తోలేది కూడా అతని టైరుబండే. కట్టెలు దించినాక ఎద్దుల్ని విప్పేసి బండిని పండగ అయ్యేదాకా పీర్ల చావిడి ముందే ఉంచుతారు.

బషీరాబీ కట్టెలు దించిన రోజే చావిడి దగ్గరికి పోయి, ఫాతెహా చదివించి, వచ్చేదారిలో బండి పక్కన కూర్చుంది. చక్రం మీద ఎరుపూ పసుపూ రంగులు. లోపలి అంచును గాజుముక్కతో గీకింది. కింద ఆకుపచ్చ. దావూద్ ప్రతి పీర్లపండగకూ తన చక్రాల లోపలివైపు పూసే పచ్చరంగు.

మర్నాడు పొద్దున ఓబుళేశు జోలెతో ఆమె గడప ముందుకు వచ్చాడు. ఏ ఇల్లూ దాటి పోకూడదు మరి.

ఆమె బియ్యం వెయ్యలేదు. మర అరిగిపోయిన నట్టు ఒకటి జోలెలో వేసింది.

"ఇది పనికిరాదప్పా. మిగిలినవి నా దగ్గర ఉండాయి. చక్రాలు నీ దగ్గర ఉండాయి."

ఓబుళేశుకు మెడలోని దారం మీదికి చెయ్యి పోయింది, ఆగింది. నట్టు జోలెలో వేసుకొనే పక్కింటికి నడిచాడు.

ఆమె జాకీ, పానా తీసుకొని నేరుగా బొజ్జన్న ఇంటికి పోయింది.

"లెయ్. ఊరు చూస్తాండంగా విప్పినావు. ఊరు చూస్తాండంగానే బిగియ్యాల."

"ఓబుళేశప్ప సంపుతాడు వదినా."

"దుమ్ము సంపుతానే ఉండాది గదరా. ఇంగ వాని వంతు ఏముండాది?"

చావిడి ముందు తప్పెట్లు మోగుతున్నాయి. జనమంతా అక్కడే. బొజ్జన్న టైరుబండికి జాకీ వేశాడు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆగాడు. ఆగినప్పుడల్లా ఆమె పానా అందుకుంది. చక్రాలు రెండూ ఊడాయి. ఇరుసు కింద పెట్టడానికి ఆమె రాళ్లు తెప్పించింది. రాయచోటి చక్రాలు బిగించినాక తన పికప్ కింద మిగిలినవే. వాటికి ఇంజను నూనె మరకలు ఇంకా ఉన్నాయి.

తప్పెట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. జోలెతో తిరిగొచ్చిన ఓబుళేశు తన బండిని చూశాడు, బొజ్జన్నను చూశాడు, చివరికి ఆమెను చూశాడు. పీర్లు ఎదురుగా నిలబడి ఉన్నాయి.

"ఏంది బూబమ్మా ఇది?" అన్నాడు. అతని గొంతు అంత చిన్నగా ఊరు ఎప్పుడూ వినలేదు.

"రెండు దినాలు వాడుకోని ఇస్తాంలే అప్పా."

గుంపులో ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆపైన ఇంకెవరో. చక్రాలు దొర్లించుకుంటూ ఆమె వీధిలో నడుస్తుంటే, ఆ రోజు తలుపుసందుల్లోంచి చూసినవాళ్లే ఇద్దరు వచ్చి చెయ్యి వేశారు. ఆమె వద్దనలేదు. మెచ్చుకోనూ లేదు.

సాయంత్రానికి పికప్ నేల మీద నిలబడింది. బషీరాబీ కోళ్లను తోలి, క్యాబిన్ ఎక్కి, పక్కన బొజ్జన్నను కూర్చోబెట్టుకొని, కంకర మిషను దారిలో ఒకసారి, ఓబుళేశు వాకిలి ముందు ఒకసారి, దావూద్ నేర్పినట్టే తోలింది. వాకిలి ముందు హారన్ కొట్టింది. ఓబుళేశు ఒట్టికాళ్లతో గడప మీద నిలబడి ఉన్నాడు. బండి లేపిన దుమ్ము పోయి అతని మీద పడింది. దగ్గాడు. ఆ దగ్గు వినడానికి ఆమె గేరు తగ్గించింది.

నేను ఆమెను అడిగాను, ఇంతటితో కడుపు చల్లబడిందా అని.

"ఇంతటితోనా? వాడు విచారణలో నిలబడి, ఈ దగ్గెవుని పాపమో ఆఫీసరు అడుగుతాంటే జవాబు చెప్పాల. నేను ముందుర కూకోని చూడాల. అంతవరకూ చల్లబడదు."

పీర్లను సాగనంపారు. ఓబుళేశు దారం తెంపేశాడు. ఇప్పుడు అతనికి గొంతూ వచ్చింది, చెయ్యీ లేస్తుంది. బొజ్జన్నను పనిలోంచి తీసేశాడు. బషీరాబీ మంచం తెచ్చి బండి పక్కనే వేసుకుంది.

విచారణ వచ్చే సోమవారం. పోవలసినవాళ్లు పికప్ తొట్టిలో పట్టేకంటే ఎక్కువమంది. చదువుతున్న మీలో ఎవరికి బండి ఉన్నా, జీపైనా, ఆటో అయినా, ట్రాక్టరైనా, ఆదివారం పొద్దున్నే వచ్చి ఆమె వాకిట్లో నిలపండి. బండి లేనివాళ్లు ఊరికే వచ్చి ఆ మంచం చుట్టూ కూర్చోండి. రాలేనంత దూరంలో ఉంటే మీ ఊరి కంకర మిషను దగ్గరికి పోయి, అక్కడ ఎవరు దగ్గుతున్నారో, వాళ్లను విచారణకు తీసుకుపోయే బండి ఎవరిదో కనుక్కోండి. అట్లాంటి బండి లేకపోతే మీది ఇవ్వండి. ఒక బండికైతే జాకీ వేస్తారు. వీధి పొడుగునా నిలబడ్డ బండ్లకు ఎన్ని జాకీలు వేస్తారో చూద్దాం.